ఆరో పాటకి ముందు

తెల్లవారుజాము నాలుగు.
జనవరిలో ఔలు ఊళ్ళో తెల్లవారుజామనేది
గడియారంలో తప్ప ఆకాశంలో ఉండదు.
మంచు ఊడ్చే బండిలో నేను,
నెత్తిన గిరగిరా తిరిగే నారింజరంగు లైటు,
రేడియోలో నువ్వు.

ఈ వారం కూడా మొదటి స్థానమేనట.
ఆ చెప్పే కుర్రాడు నీ పేరు నోరారా పలికాడు,
సైమి హుక్కనెన్ అని,
సొంత అక్క పేరులా.
పదహారేళ్ళు మన పోస్టర్ల మీద నీకు పేరే లేదు.
"రాతి పళ్ళు" అని ఉండేది, అంతే.
కింద నలుగురం గోడకి ఆనుకుని,
ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు.

నిజం చెప్పనా,
నీ రికార్డు నేను కొనలేదు.
కొననని ఎస్కో ముందు ఒట్టు కూడా పెట్టుకున్నాను.
వాడు మాత్రం రెండు కొన్నాడు, వెధవ,
ఒకటి వినడానికి, ఒకటి తిట్టడానికి.
"డ్రమ్ములే లేవురా అందులో.
ఒక పియానో, ఏదో పాత చర్చి హార్మోనియం,
వాళ్ళమ్మమ్మ కుట్టుమిషను చప్పుడూ" అన్నాడు.
కాసేపాగి
"బావుందిరా" అన్నాడు,
గ్లాసులోకి చూస్తూ.

కొండ తొలిచి కట్టిన బాంబు షెల్టరు మన గది.
యుద్ధమొస్తే మూడొందల మంది దాక్కోవాలని కడితే
రాని యుద్ధానికి బదులు మనం వచ్చాం.
ఆ ఇనుప తలుపు ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు,
నువ్వూ నేనూ భుజాలు ఆనించి తోసేవాళ్ళం.
లోపల తడి బూట్ల వాసన,
యల్మరి జేబులో అంటుకుపోయిన నల్ల ఉప్పుబిళ్ళలు.
కర్రలు రెండూ తాటించి
ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నానా,
కొండ కడుపులో పిడుగు.
దాని మీద నీ అరుపు.
అరవడమే పాడటం అనుకున్నాం.
నువ్వూ అలాగే అనుకున్నావనుకున్నాం.

ఆఖరి ఏడాది ఒకసారి
"కాస్త మెల్లగా కొడతావా" అన్నావు.
మెల్లగా కొట్టేవాడు కావాలంటే
చర్చిలో వెతుక్కో అన్నాను.
అందరూ నవ్వారు.
కెమి నుంచి తిరిగొస్తూ వ్యానులో
దారి పొడుగునా నువ్వు నోరు విప్పలేదు.
జలుబు చేసిందనుకున్నాను, సైమీ.
ఒట్టు, అలాగే అనుకున్నాను.

ఇప్పుడు ఆరో పాట.
"తడి చేతి తొడుగులు". రికార్డు పేరూ అదే.
బ్లేడు కింద ఐసు కీచుమంటోంది.
పాట మొదలయ్యే ముందు
నాలుగు దెబ్బల ఖాళీ.
నాలుగేనని నాకు తెలుసు, నా మోకాలికి తెలుసు.
అక్కడ నా కర్రలు ఉండాలి.
అక్కడ
నువ్వు ఊపిరి తీసుకున్నావు.

పదహారేళ్ళు నీ వెనకే కూర్చున్నాను.
నీ మెడ మీద పుట్టుమచ్చ తెలుసు.
ఏ స్వరానికి ఏ భుజం లేస్తుందో తెలుసు.
కోపమొస్తే మైకు తీగ
చేతికి ఎన్ని చుట్లు చుడతావో తెలుసు.
నీకు ఊపిరుందని తెలీదు.
నువ్వు నోరు తెరిచేలోపే
నా ఇత్తడి పళ్ళేలు మోగేవి.

ఆసుపత్రి మలుపులో, బస్టాపు పక్కన,
బ్లేడు పైకెత్తాను.
ఇంజను ఆపాను. ఆపకూడదు, రూలు.
అద్దం ఇట్టే తెల్లబడింది.
రేడియేటరు మీద ఎవరివో తొడుగులు ఆరుతుంటాయి,
చలికాలమంతా ఆరుతూనే ఉంటాయి,
వేసుకునే మనిషి రాడు. పాటంతా అదే.
ఆ తొడుగులు నావి కావు.
ఎవరివో నాకు తెలీదు. అడగలేదు ఎప్పుడూ.

ఎవరో తలుపు కొట్టారు.
రాత్రి డ్యూటీ దిగిన నర్సు, ముక్కుదాకా మఫ్లరు.
పాట అయిపోయేదాకా మెట్టు మీదే నిలబడింది,
బస్సొచ్చే వేళయినా.
"మా వార్డులో రోజూ ఇదే" అంది.
"మీకు తెలుసా ఆవిడ?"

"ఇద్దరం ఒక తలుపు తోసేవాళ్ళం" అన్నాను.

ఆవిడకేం అర్థమవుతుంది.
"మరి ఈ దారి?" అంది,
మోకాటిలోతు మంచు చూపిస్తూ.
బ్లేడు దించాను.